గాలం వేసేముందు...

చేపలు పట్టడానికి కూడా ప్లానింగేమిటని నవ్వేవాళ్లుంటారు. చెరువుగట్టు వరకూ ఆ నవ్వు సబబే. వెదురుకర్ర, నైలాన్ దారం, డబ్బాలో నాలుగు వానపాములు... అంతకుమించి సరంజామా అక్కర్లేదు. అదే వెళ్లాల్సింది బంగాళాఖాతం అవతలి అంచుకీ, పట్టాలనుకుంటున్నది మనిషంత బరువు తూగే చేపనీ అయితే లెక్క వేరు. పంచాంగం దగ్గర మొదలుపెట్టి గుండె డాక్టరు చీటీ దాకా అన్నీ కావాలి.

విశాఖపట్నంలో ఓ బ్యాంకు మేనేజరుగారు ఆర్నెల్లుగా ఈ లెక్కల్లోనే ఉన్నారు. వయసు నలభై ఆరు. ఆదివారం తెల్లవారుజామున రుషికొండ దాటాక వచ్చే రాళ్లమీద గాలం వేసుక్కూర్చోవడం ఆయన అలవాటు. వారమంతా మొండి బాకీలతో కుస్తీపట్టే మనిషికి ఆ రెండు గంటలే ఊపిరి. చిక్కినరోజు కిలోన్నర చేప, చిక్కనిరోజు ఇంట్లో దెప్పుళ్లు. హైదరాబాదులో ఇదే పిచ్చి ఉన్న ముగ్గురు స్నేహితులు తోడయ్యారు. నలుగురూ కలిసి అండమాన్ అనుకున్నారు.

అండమానే ఎందుకంటే అక్కడ ‘జీటీ’ ఉంది. జెయింట్ ట్రెవల్లీ. మన తీరంలో పార అని పిలిచే చేపల కుటుంబంలో ఇది పెద్దన్న. వెండిరంగు ఒళ్లు, ఎద్దుకున్నట్టు నుదురు. పగడపు దిబ్బల అంచున, అల విరిగేచోట మాటువేసి చిన్న చేపల గుంపుల మీద విరుచుకుపడుతుంది. 2006లో జపాన్‌లోని కగోషిమా దగ్గరి తొకారా దీవుల్లో గాలానికి చిక్కిన జీటీ 72.8 కిలోలు తూగింది. ప్రపంచ రికార్డు అదే. అంత పెద్దది కాకపోయినా ఇరవై, ముప్ఫై కిలోలది చిక్కినా చాలు, చేతులు రెండు రోజులపాటు వణుకుతాయంటారు పట్టినవాళ్లు.

దీన్ని ఎరవేసి పట్టరు. ‘పాపర్’ అనే చెక్క చేపనో, ప్లాస్టిక్ చేపనో బలంగా విసిరి, నీటిమీద టప్ టప్‌మని చప్పుడు చేస్తూ లాగుతారు. ఒక్కొక్కటీ వంద నుంచి రెండొందల గ్రాములు ఉంటుంది. పగలంతా దాన్ని విసరడం, లాగడం, మళ్లీ విసరడం. సరదా కోసం పడే కూలిపని ఇది! చిక్కిందా, క్షణం ఆలస్యం చేయకుండా నిలువరించాలి. లేకపోతే అది తిన్నగా దిబ్బ కిందికి దూరి, పగడాల అంచుకి తాడు కోసేసుకుని పోతుంది. అందుకే పెన్సిలంత సన్నటి రాడ్లు, బజారు దారాలు పనికిరావు. పీఈ 8, పీఈ 10 అని లావుని బట్టి నంబర్లుండే అల్లిక తాడు కావాలి. దాని చివర కోతని తట్టుకునే మందపాటి నైలాన్ తాడు, ఆ రెంటినీ కలిపే ప్రత్యేకమైన ముడి. మేనేజరుగారు నెల్లాళ్లపాటు రాత్రి భోజనాలయ్యాక ఆ ముడే సాధన చేశారు. పదో తరగతి చదువుతున్న కూతురు చూసి చూసి, నాన్నకంటే ముందే నేర్చేసుకుంది.

ఇక రోజులు కుదుర్చుకోవాలి. అండమాన్‌కి వాన రెండుసార్లు. మేలో నైరుతి రుతుపవనం దేశం మొత్తమ్మీద ముందు తడిపేది ఆ దీవుల్నే. శీతాకాలం మొదట్లో ఈశాన్య రుతుపవనం మళ్లీ పలకరిస్తుంది. సముద్రం కాస్త నెమ్మదించేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. మార్చి అయితే బ్యాంకు మేనేజరు ఊరు దాటే మాటే లేదు. మిగిలినవి జనవరి, ఫిబ్రవరి.

అక్కడితో అయిపోలేదు. జీటీ ప్రవాహాన్ని నమ్ముకుని బతికే చేప. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు ఆటుపోట్లు బలంగా ఉంటాయి, దిబ్బల మీదుగా నీరు ఉరుకుతుంది, చిన్న చేపలు నిలదొక్కుకోలేవు. దానికి అదే విందు. మాఘ పౌర్ణమికి వెళ్దామంటే ఆరోజు సముద్రస్నానానికి కొడుకు ఇంట్లో ఉండి తీరాలంది తల్లి. తర్వాత అమావాస్య... అంటే శివరాత్రి మర్నాడు. ఆమె అడ్డుచెబుతుందనుకుంటే, శివరాత్రి ఫిబ్రవరి మధ్యలోనే వచ్చింది కాబట్టి దారి దొరికింది. జాగారం చేసి, అమావాస్య వెళ్లనిచ్చి బయల్దేరితే దేవుడికీ కోపం రాదు, చేపకీ వేళ మించిపోదు.

అలా అన్నీ సర్దుకుంటున్న రోజుల్లో పాపర్ల పార్సిలొచ్చింది. విప్పుతుంటే తండ్రి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆయనకి డెబ్బై నాలుగేళ్లు. శ్రీకాకుళం తీరంలో తెప్పమీద వేటకెళ్లి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. నిరుడు గుండెకి స్టెంటు వేశారు. ఎర్రతల, తెల్లఒళ్లు ఉన్న పాపర్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘ఇదేట్రా, పిల్లలాడుకునే బొమ్మా?’

కొడుకు వివరం చెప్పాడు. బోటు అద్దె ఎంతన్నాడు తండ్రి. ఉన్న అంకెలో సగం చెప్పాడు కొడుకు. ఆ సగానికే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘పట్టిన సేప అక్కడే అమ్ముతారా, మంచులో ఎట్టి తెత్తారా?’ అనడిగాడు.

‘అమ్మం నాన్నా. ఫొటో తీసుకుని వదిలేస్తాం.’

‘ఒగ్గేత్తారా! అంత దూరమెల్లి, అంత డబ్బెట్టి, పట్టిన సేపని ఒగ్గేత్తారా?’

వదిలేయడానికి కారణాలు లేకపోలేదు. జీటీ గుడ్లు పెట్టే వయసుకి రావడానికి మూడేళ్లు దాటుతుంది, అప్పటికి రెండడుగులు ఉంటుంది. పెద్ద చేపని చంపితే వేలాది పిల్లల తల్లిని చంపినట్టే. పైగా పగడపు దిబ్బల మీద బతికే పెద్ద చేపల ఒంట్లో సిగువటెరా అనే విషం పేరుకునే ప్రమాదం ఉంటుంది. వండితే పోయేది కాదది. బతికున్న ఒక్క చేప పదిమంది వేటసరదావాళ్లని రప్పిస్తే, దీవిలో పడవలు నడిపేవాళ్లకి పదిసార్లు కూలి. ఇవన్నీ కొడుకు చెప్పాడు. తండ్రి విన్నాడు.

‘ఆకలైతే పట్టాల. ఆకలి నేకుండా ముల్లు గుచ్చి ఆడించి, మల్లీ ఒగ్గేత్తే ఆ సేపకేటి నాబం?’

దీనికి మేనేజరుగారి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ప్రపంచంలో ఏ వేటసరదా సంఘం దగ్గరా దీనికి పూర్తి జవాబు లేదు. చేపకి బాధ తగ్గించే పద్ధతులున్నాయి. మూడు ముళ్ల కొక్కేలు తీసేసి ఒంటి ముల్లువి తగిలించడం, ముల్లుకి వెనక్కి తిరిగి ఉండే ములుకుని పట్టకారుతో నొక్కేయడం, చేపని వీలైనంతసేపు నీళ్లలోనే ఉంచడం, గిల్ల జోలికి పోకుండా తడిచేత్తో పట్టుకోవడం. ఆ రాత్రి మేనేజరుగారు ములుకులు నొక్కుతుంటే, పెద్దాయన పట్టకారు లాక్కుని మిగతావన్నీ తనే నొక్కేశాడు. ‘నీకు సేతకాదు, ముల్లు ఇరిగిపోతాది’ అన్నది ఆయన వాదన. మాట మార్చుకున్నాడనుకోవద్దు. ఆ మర్నాడూ అదే ప్రశ్న అడిగాడు.

మూడోరోజు అసలు మాట బయటికొచ్చింది. ‘నానూ వత్తాను.’

దీనికో వెనకటి కథ ఉంది. పెద్దాయన అన్నగారు 1970ల చివర్లో విశాఖలో ఓడెక్కి అండమాన్ వెళ్లిపోయాడు. ఒక్కడే కాదు, ఉత్తరాంధ్ర తీరం నుంచి ఆ దీవులకి వలసపోయిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3.8 లక్షలైతే, అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి 13 మందికి పైనే. పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీవిజయపురంగా మారిన ఊళ్లో, జంగ్లీఘాట్ చేపల రేవుకెళితే శ్రీకాకుళం యాసే వినిపిస్తుంది. అన్నగారు అక్కడే స్థిరపడ్డాడు. తమ్ముడి కూతురి పెళ్లికి ఒక్కసారి వచ్చాడు. 2021లో కరోనాతో పోయాడు. ఆ రోజుల్లో ఇక్కణ్నుంచి ఎవరూ కదల్లేదు. వదినగారు ఉంది, అన్న కొడుక్కి సొంత డింగీ ఉంది. ఇన్నేళ్లలో తమ్ముడు ఆ దీవిలో అడుగు పెట్టలేదు. వెళ్తానని అడిగిందీ లేదు. ఇప్పుడు, కొడుకు ఒక చేపకోసం వెళ్తున్నాడని తెలిశాక అడిగాడు.

ఇక్కడినుంచి ప్లానంతా తలకిందులైంది.

మాట్లాడుకున్న బోటులో నలుగురికే చోటు. నలుగురూ పాపర్లు విసరాలంటే అయిదో మనిషి నిలబడటానికి కూడా స్థలముండదు. స్నేహితులతో విషయం కదిపితే ఒకాయన ‘తీసుకురా, ఏముంది’ అన్నాడు. రెండో ఆయన ఏమీ అనలేదు. మూడో ఆయన మాత్రం సూటిగా, తీరానికి మూడు గంటల దూరంలో పెద్దాయనకి ఏమన్నా అయితే ఏం చేద్దామన్నాడు. ఆ మాట కటువుగా వినిపించింది గానీ తప్పేమీ కాదు. ఇలాంటి ప్రయాణాల్లో అడగాల్సిన ప్రశ్న అడిగే స్నేహితుడే అసలైనవాడు. మేనేజరుగారికి కోపం వచ్చి వారంపాటు ఫోనెత్తలేదు, అది వేరే సంగతి.

భార్య కూడా అదే అంది. ‘మావయ్యగారికి స్టెంటు వేసి ఏడాదైనా కాలేదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు. చేతికి కొక్కెం గుచ్చుకుంటే నెత్తురు ఆగుతుందా?’ ఆవిడ ఎలాగూ కదలడం లేదు, అమ్మాయికి పదో తరగతి పరీక్షలు.

డాక్టర్ని అడిగారు. రెండు గంటల విమానం ఫరవాలేదు, దీవిలో ఉండటం ఫరవాలేదు, రోజంతా అలలమీద కుదుపులు మాత్రం వద్దన్నాడాయన. ప్రశాంతంగా ఉన్న నీళ్లలో ఓ పూట అయితే సరేనన్నాడు. మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోమన్నాడు, ఒకటి పోయినా ఒకటి ఉంటుందని. పెద్దవాళ్లతో ప్రయాణమయ్యే ఎవరికైనా పనికొచ్చే సలహా.

పెద్దాయనకి విమానం ఇష్టం లేదు. అన్న వెళ్లిన దారిలోనే ఓడలో వెళ్లాలని ఆయన కోరిక. విశాఖ నుంచి దీవులు సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో ఇంచుమించు మూడు రోజులు. చెన్నై, కోల్‌కతాల నుంచి తిరిగినంత తరచుగా విశాఖ నుంచి ఓడలు తిరగవు. తేదీలు ముందుగా ఖరారు కావు. పన్నెండు రోజులు సెలవు పెట్టాలంటే పైఅధికారికి తేదీ చెప్పాలిగా! ఓడ తేదీకోసం నెలరోజులు కాచుకుని, చివరికి విమానం టిక్కెట్లే తీశారు. రెండు రోజులు ఆ ఇంట్లో తండ్రీకొడుకులకి మాటల్లేవు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. మేనేజరుగారు అమ్మానాన్నలతో మూడు రోజులు ముందుగా వెళ్తారు. వదినగారింట్లో దిగుతారు. స్నేహితులు వచ్చాక ఆయన వాళ్లతో బోటెక్కుతారు, పెద్దవాళ్లిద్దరూ జంగ్లీఘాట్‌లోనే ఉంటారు. ఫోనెత్తని స్నేహితుడికి మేనేజరుగారే ఫోన్ చేశారు.

అయితే తండ్రి సముద్రంలోకి వెళ్లేదెలా? అన్న కొడుకు డింగీ ఉందిగా అన్నాడు పెద్దాయన. ఆ డింగీ చేపలవేటకి ఉన్నదే తప్ప యాత్రికుల్ని ఎక్కించుకునే అనుమతి దానికి లేదు. ‘మా అన్న కొడుకు పడవెక్కడానికి కాయితమేట్రా?’ అని పెద్దాయన ఎగిరిపడ్డాడు. మేనేజరుగారు ఈ ఒక్క విషయంలో మాత్రం తగ్గలేదు. బ్యాంకు బుద్ధి అంతే. కానీ అండమాన్‌లో కాగితాల పట్టింపు మంచిదే. ఆ దీవుల చుట్టూ గీతలు చాలా ఉన్నాయి. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో గాలం వేయకూడదు. ఉత్తర సెంటినెల్ దీవి దరిదాపులకే పోకూడదు. 2006లో దారితప్పి ఆ తీరానికి కొట్టుకుపోయిన ఇద్దరు జాలర్లు తిరిగిరాలేదు. 2018లో పనిగట్టుకుని వెళ్లిన అమెరికా యువకుడి ప్రాణమూ పోయింది, అతన్ని దిగబెట్టిన జాలర్లు జైలుపాలయ్యారు. సొరచేపల్లో చాలా రకాలకి, సముద్ర దోసకాయలకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఒడ్డున దొరికిన పగడపు ముక్క జేబులో వేసుకున్నా విమానాశ్రయంలో నిలదీస్తారు. మడ అడవుల పక్కన నీళ్లలో దిగొద్దని రాసిన బోర్డు కనిపిస్తే సరదాకి పెట్టారనుకోవద్దు, ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి.

అందుకే బోటువాళ్లకి అడ్వాన్సు పంపేముందు మేనేజరుగారు అడిగినవి చాలా ఉన్నాయి. వేటసరదా యాత్రలకి అనుమతి కాగితం, లైఫ్ జాకెట్లు, వీహెచ్ఎఫ్ రేడియో, రెండో ఇంజను, ప్రథమ చికిత్స పెట్టె. ఫోన్ సిగ్నల్ సంగతి కూడా అడిగారు. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు వేశాక ఊళ్లో నెట్ బాగుపడింది గానీ, తీరం వదిలి దూరం పోయాక ఫోన్ కెమెరాకే పనికొస్తుంది. స్నేహితులు ముచ్చటపడిన బారెన్ దీవిని కూడా ఆయన కొట్టేశారు. దేశంలో చురుగ్గా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం అది. చుట్టూ లోతైన నీళ్లు, పెద్ద పెద్ద సూర చేపలు. కానీ పోర్ట్‌బ్లెయిర్ నుంచి 130 కిలోమీటర్లు దాటి వెళ్లాలి, రాత్రి బోటులోనే పడుకోవాలి. ఒడ్డున తండ్రిని ఉంచి అంత దూరం పోవడానికి ఆయన మనసొప్పలేదు.

పెద్దాయన కోసం అదే బోటుని ఒక పూటకి విడిగా మాట్లాడారు. స్నేహితులు రాకముందు రోజు. తెల్లారి అయిదున్నరకి బయల్దేరి, ఎండ ముదరకముందే తిరిగి రావాలి. అండమాన్‌లో పొద్దు తొందరగా పుడుతుంది, ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నరకే క్రుంకుతుంది. గడియారం మాత్రం మనదే. రేవుకి దగ్గర్లో, గాలి తగలని మలుపులోనే తిరగాలి. అలలు మీటరు దాటితే అసలు బయల్దేరకూడదు. ఈ అలల కబురు ఎక్కడినుంచి వస్తుందో తెలిశాక కూతురికి నవ్వాగలేదు. సముద్రం మచ్చుకైనా లేని హైదరాబాదు నుంచి! 1999లో అక్కడ ఏర్పాటైన ఇన్‌కాయిస్ సంస్థే అండమాన్‌తో సహా దేశ తీరమంతటికీ అలల ఎత్తు, గాలివేగం ముందుగా లెక్కగట్టి చెబుతుంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడినుంచే. ఫిబ్రవరి మొదలైనప్పటినుంచీ ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే అలల లెక్క తాతకి చదివి వినిపిస్తోంది. ఆయన దాన్ని వింటాడు, ఆ తర్వాత మేడెక్కి మబ్బు చూసి తన లెక్క చెబుతాడు. ఇద్దరిలో ఎవరిది ఎన్నిసార్లు సరిపోయిందో ఆ అమ్మాయి నోటు పుస్తకం వెనక రాసుకుంటోంది. ప్రస్తుతానికి తాతే రెండు ముందున్నాడు, విశాఖ సముద్రానికి మాత్రమే.

రాడ్డు పట్టుకోనన్నాడు పెద్దాయన. చేతితాడే కావాలట. కొబ్బరిపీచు తాడు చుట్టుకునే పాత చెక్కని వెతికించి, దానికి కొత్త నైలాన్ చుట్టాడు. సీసపు గుండ్లు తనే కరిగించి పోసుకున్నాడు. దొరికిన చేప వదిలేది లేదని, వదిన చేత పులుసు పెట్టించుకుంటానని ముందే చెప్పేశాడు. దిబ్బల మీది పెద్ద చేప మాత్రం వద్దు నాన్నా అని కొడుకు అన్నాడు. పులుసుకి పెద్ద సేపెందుకురా, అరకిలోది సాలు అన్నాడాయన.

అవామిన్ మాత్రలు కొన్నారు, తనకి కాదు కొడుక్కి అని పెద్దాయన మందుల షాపువాడికి మరీ మరీ చెప్పాడు. ఆధార్ కార్డులో ఇంటిపేరు ఒకలా, టిక్కెట్టులో ఒకలా పడితే సరిచేయించారు. కొక్కేలు, పట్టకార్లు చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో తీసేస్తారు కాబట్టి పెద్ద పెట్టెలో సర్దారు. రాడ్లు మూడు ముక్కలుగా విడదీసి గట్టి గొట్టంలో పెట్టారు.

తేలనిది బరువొక్కటే. మనిషికి పదిహేను కిలోల సామాను. రీలు, తాళ్లు, పాపర్లు కలిసి మేనేజరుగారి పెట్టె పద్నాలుగున్నర తూగింది. తండ్రి సీసపు గుండ్లు మూడు కిలోలు. అన్నిటికంటే ముఖ్యం, తోటికోడలి కోసం తల్లి కట్టిన ఎండు నెత్తళ్ల మూట. అండమాన్‌లో చేపలు దొరకవా అమ్మా అంటే, మన ఊరి నెత్తళ్లు దొరుకుతాయా అందావిడ. ఇప్పటికి ఆరు పాపర్లు పెట్టెలోంచి బయటికొచ్చాయి. ఎండుచేపల వాసన పొక్కకుండా ఎన్ని కవర్లు చుట్టాలన్నదాని మీద ఆ ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.